నలభై ఆరుతో ముగిసే నంబరు

రెండో ప్రయత్నం కూడా పోయింది.

ఇంకొక్కసారి తప్పితే ఖాతా సోమవారం దాకా తెరుచుకోదని ల్యాప్‌టాప్ తెర మీద ఎర్ర అక్షరాల్లో వచ్చింది. కోడలు ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. గోడ గడియారంలో పదకొండూ ఇరవై. థీసిస్ పంపడానికి సాయంత్రం అయిదింటి వరకే గడువు.

కట్టు వేసిన కుడికాలు స్టూలు మీద ఉంది. పక్కన కుర్చీలో ప్రింటు తీసిన థీసిస్, అందులో పరీక్షకుడు అడిగిన పదకొండు సవరణలూ పెన్సిలుతో రాసి ఉన్నాయి. అవి ఎక్కించాల్సిన అసలు ఫైలు మాత్రం యూనివర్సిటీ కంప్యూటర్లలో ఉంది. గడువు పెంచుతారని గైడు చెప్పిన మాట పట్టుకుని ఆమె నిన్నటిదాకా ధీమాగా ఉంది. పెంచలేదని ఈ పొద్దున ఎనిమిదింటికి గైడే మెసేజ్ పెట్టింది. పెట్టి వేరే ఊళ్లో ఏదో వైవాకు వెళ్లి ఫోను కట్టేసింది.

పాస్‌వర్డ్‌తో చిక్కు లేదు. అది మొదటిసారే ఒప్పుకుంది. యూనివర్సిటీ ఆవరణ బయటినుంచి లోపలికి రావాలంటే దాని వెనక ఇంకో గడప ఉంది. మనం ఇచ్చిన ఫోను నంబరుకు కాల్ వస్తుంది, యంత్రం ఆరంకెలు చెబుతుంది, అవి రెండు నిమిషాల్లో కొట్టాలి. ఆవరణలో కూర్చున్నవాళ్లను ఈ సంగతి అడగరు. కోడలు మూడేళ్లుగా రీసెర్చి రూములో తన బల్ల దగ్గరే మెయిలు చూసింది, అక్కడే ఫైళ్లు తెరిచింది, లైబ్రరీవాళ్లు బయటివాళ్లకు చూపించని పత్రికలు అక్కడే చదివింది. రెండో గడప ఒకటుందని ఆమెకు తెలిసి నాలుగు గంటలు కూడా కాలేదు.

కాల్ వెళ్లే నంబరు చివర 46 అని మాత్రమే తెర చూపించింది. మొదటిసారి ఆమె తన సెల్లు చేతిలో పట్టుకుని కూర్చుంది. అది మోగలేదు. మోగదు కూడా, దాని చివర 46 లేదు. సమయం మించిందని తెర చెప్పాక గుర్తొచ్చింది. 46 రీసెర్చి రూములో తన బల్ల మీది ఫోను, రూముకంతటికీ అదొక్కటే.

ఆ నంబరు ఇచ్చింది తనే. చేరిన ఏడాది సెల్లు నంబరు మూడుసార్లు మారింది. నమోదు కాగితంలో ఏది రాయాలో తేలక ఇంట్లో అడిగితే, బల్ల మీది ఫోను మారదమ్మాయ్, అదే రాయి అని అత్తగారు చెప్పింది. చెప్పేందుకు ఆవిడకు హక్కుంది. అదే యూనివర్సిటీ టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ముప్ఫై ఒక్క ఏళ్లు బోర్డు ముందు కూర్చుని రిటైరయిన మనిషి. ఆపరేటరమ్మ అంటే అక్కడ రిజిస్ట్రారు నుంచి తోటమాలి దాకా అందరికీ తెలుసు. అప్పట్లో అత్తాకోడళ్లు సలహాలు అడిగి చెప్పుకునేవాళ్లు.

ఇప్పుడు మాటలు లేవు. ఇది తొమ్మిదో రోజు.

మాటలు లేవుగానీ పనులు ఆగలేదు. కంచం వేళకు స్టూలు పక్కకు వచ్చేది. మంచినీళ్ల సీసా ఖాళీ అయ్యేలోపు నిండేది. చెప్పాల్సినవన్నీ అత్తగారు గోడకు చెప్పేది. "మాత్ర వేసుకునే టైమయింది" అని గోడకు చెప్పేది, గోడ వేసుకోదు గనక కోడలు వేసుకునేది. మొన్న గోడతో, "డాక్టరు ఫోను చేశాడు, శనివారం రమ్మన్నాడు" అంటే, ఆయన, అంటే ఈ ఇంటి కొడుకు, నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. ఇద్దరిలో ఒక్కరూ నవ్వలేదు.

రెండో ప్రయత్నం పోవడానికి కారణం కళ్లజోడు. రీసెర్చి రూములో పక్క బల్ల స్కాలరుకు అందరూ పెట్టిన పేరు అది. కోడలు అతనికి ఫోను చేసి, నా బల్ల మీది ఫోను మోగుతుంది, ఎత్తి ఆరంకెలు విని నాకు చెప్పు అని బతిమాలింది. అతను సరేనన్నాడు. ఫోను మోగింది, ఎత్తాడు. యంత్రం అంకెలు మొదలుపెట్టింది. కళ్లజోడు దానితో, "ఒక్క నిమిషం ఉండండి మేడమ్, పెన్ను తెచ్చుకుంటా" అన్నాడు. పెన్ను తెచ్చుకునేసరికి మేడమ్ లేదు.

ఆ సంగతి అతనే నిజాయతీగా చెప్పి, క్షమించమని, రెండింటికి తను క్లాసుకు వెళ్లాలని, ఈలోపు ఇంకోసారి చేస్తే ఈసారి పెన్ను చేతిలోనే ఉంటుందని అన్నాడు. ఆలోచించి చెబుతానంది.

తర్వాత హెల్ప్ డెస్కుకు చేసింది. అక్కడ ఎత్తినతను మర్యాదస్తుడు. కుదరదన్న మాట కూడా మర్యాదగానే చెప్పాడు. నంబరు మార్చాలంటే గుర్తింపు కార్డుతో మనిషి స్వయంగా రావాలి. కాలు విరిగిందంటే అయ్యో అన్నాడు. గైడు మెయిలు పెట్టినా చాలన్నాడు. గైడు ఫోను కట్టేసి ఉందంటే మళ్లీ అయ్యో అన్నాడు. మూడోది తప్పితే మాత్రం సోమవారం దాకా తను కూడా ఏమీ చేయలేనని, తొందరపడొద్దని చెప్పి పెట్టేశాడు.

కోడలు సెల్లు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. గడువు తప్పితే మళ్లీ రిజిస్ట్రేషను, మళ్లీ ఒక ఏడాది. ఆ ఏడాది ఆమె దగ్గర లేదు. ఆరు గంటల ప్రయాణం దూరంలో ఉన్న నీటి పరిశోధన కేంద్రంలో ఉద్యోగానికి పెట్టుకుంది. థీసిస్ పంపిన రసీదు ఉంటేనే ఇంటర్వ్యూకు కూర్చోనిస్తారు.

తొమ్మిది రోజుల కిందటి గొడవ ఆ ఉద్యోగం దగ్గరే మొదలైంది. దరఖాస్తు పెట్టిన సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వాళ్లమ్మకు మాత్రం సెల్లులో చెప్పింది, ఈ హాల్లోనే. రెండు రోజుల తర్వాత రాత్రి భోజనాల దగ్గర ఆయన కంచంలోంచి తలెత్తకుండా, వేరే ఊళ్లో ఉద్యోగానికి పెట్టావట కదా అన్నాడు. ఆ 'ట' విని కోడలు అత్తగారి వైపు తిరిగింది. ముప్ఫై ఏళ్లు వినీ వినీ మీకు అలవాటైపోయింది అత్తయ్యా, అంది. అత్తగారు చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయింది. ఆయన మంచినీళ్లు తాగాడు.

కళ్లజోడును మళ్లీ పిలుద్దామని కోడలు సెల్లు తీసింది.

"ఒకళ్ల తాళంచెవి ఇంకొకళ్ల చేతికి ఇవ్వకూడదు" అని వంటింటి గుమ్మంలోంచి వినిపించింది.

అత్తగారు గోడ వైపే చూస్తోంది. చేతిలో కూరగాయల చాకు ఉంది. కళ్లజోడుతో మాట్లాడినప్పుడు కోడలు స్పీకరు పెట్టింది, అవతల పెన్ను కోసం వెతికిన చప్పుడు ఇల్లంతా వినిపించింది. ఈసారి ఎవరు విన్నారని అడగడానికి లేదు.

"మరేం చెయ్యమంటారు అత్తయ్యా?"

తొమ్మిది రోజుల్లో కోడలు నేరుగా అడిగిన మొదటి మాట అది.  అత్తగారు చాకు లోపల పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చి హాల్లో కుర్చీ లాక్కుని కూర్చుంది. గోడ వైపు కాకుండా కోడలి వైపు కూర్చుంది.

"ఆ బల్ల ఎవరి పేరు మీదుంది?"

"నా పేరు మీదే."

"ఫోను?"

"అదీ నా పేరునే. సీట్ల జాబితాలో ఉంటుంది."

"అయితే నీ ఫోను నీ దగ్గరికే రావాలి" అంది అత్తగారు. "నువ్వు వెళ్లలేవు. అదే వస్తుంది."

హాల్లో మూల, చెప్పుల అరమర పైన, ల్యాండ్‌లైను ఉంది. సెల్లులొచ్చాక అది ఎందుకని ఆయన రెండుసార్లు తీయించబోతే అత్తగారు ఒప్పుకోలేదు. బిల్లు తన పెన్షనులోంచి కడతానంది, కడుతోంది. ఇప్పుడు ఆ ఫోను దగ్గరికి వెళ్లి, పుస్తకం చూడకుండా నంబరు తిప్పింది.

యూనివర్సిటీ ఎక్స్‌చేంజిలో ఎత్తిన మనిషి ఆవిడ దగ్గర పదకొండేళ్లు పని నేర్చుకున్న అమ్మాయి. అత్తగారు ఆమెను బుజ్జీ అనేది. ఆ బుజ్జికిప్పుడు కాలేజీ చదివే కూతురుంది. కోడలికి ఒక పక్క మాటలే వినిపించాయి. బాగున్నానే. మోకాళ్లు అలాగే ఉన్నాయి. అవును, నాలుగేళ్లయింది. తర్వాత కొంతసేపు అత్తగారు ఊ కొడుతూ వింది. తర్వాత అంది, "రాలేదని నేనెప్పుడన్నా అన్నానా? ఆ రోజు నా వీడ్కోలు సభకు నువ్వూ వచ్చేస్తే బోర్డు మీద ఎవరు కూర్చునేవాళ్లు? వచ్చుంటే తిట్టేదాన్ని."

ఆ తర్వాత పని మాటల్లోకి దిగింది. ఆవిడ గొంతు మారింది. ఫలానా రూము, చివర నలభై ఆరు, ఈ ఇంటి నంబరుకు డైవర్ట్ కావాలి, అడుగుతున్నది ఆ బల్ల తాలూకు మనిషే, తను కాదు.

అటువైపు బుజ్జి చెప్పిన నియమాలను అత్తగారు కోడలికి వినబడేలా ఒక్కొక్కటీ పైకి అంది. సెల్లుకు డైవర్ట్ చేయడానికి అనుమతి లేదు, ల్యాండ్‌లైనుకైతే ఉంది. అడిగే మనిషి స్వయంగా మాట్లాడాలి. రిజిస్టరులో రాసి సెక్షన్ ఆఫీసరు చేత సంతకం పెట్టించాలి, ఆయన మీటింగులో ఉన్నాడు, మూడున్నరకు గానీ రాడు. చివరికి బుజ్జి, మీరు చెబుతున్నారు గనక ముందు పెట్టేసి తర్వాత సంతకం తీసుకోనా అమ్మా అని అడిగింది.

"వద్దు" అంది అత్తగారు. "సంతకం అయ్యాకే పెట్టు."

 మూడున్నర అంటే గంటన్నర మిగులుతుంది. అంతలో అత్తగారు, తీగ అందదు గనక, కోడలు కూర్చున్న కుర్చీని స్టూలుతో సహా ఫోను దాకా లాగింది. కుర్చీ కాళ్లు గచ్చు మీద గీసుకుంటూ వచ్చాయి. అరవై అయిదేళ్ల మనిషి ఎక్కడా ఆగలేదు. కోడలు రిసీవరు అందుకుని తన పేరు, రిజిస్ట్రేషను నంబరు, బల్ల నంబరు చెప్పింది. బుజ్జి ఒక్కొక్కటీ జాబితాతో సరిచూసుకుంది. సరిపోయాయంది. ఫోను పెట్టేముందు గొంతు తగ్గించి, మా అమ్మగారు ఒంటి చేత్తో నాలుగొందల లైన్లు చూసుకున్న మనిషి, జాగ్రత్తగా చూసుకో అంది. చూసుకుంటున్నానని కోడలు అనలేకపోయింది.

ఇక ఎదురుచూడటమే పని.

భోజనాలు అక్కడే, ఫోను పక్కనే చేశారు. కోడలు సవరణల కాగితాలు వరసగా పెట్టుకుంది. అత్తగారు ఎదురుగా కూర్చుని ఫోను తీగ చిక్కులు తీసింది. తీగలో చిక్కులు అయిపోయాక కూడా తీస్తూనే ఉంది.

"బోర్డు మీద రెండు వైపులా లైను కలిపాక, కలిసిందో లేదో తెలియడానికి మా చెవిలో రెండు మాటలు పడతాయి" అంది. "హలో అని ఒకరు, ఎవరూ అని ఇంకొకరు. అవి పడకుండా పని జరగదు. పడిన మరుక్షణం, ఇక మాకు వినిపించకుండా, కీ పైకెత్తేయాలి. నేను ముప్ఫై ఒక్క ఏళ్లు ఎత్తాను."

కోడలు పెన్సిలు కింద పెట్టింది.

"ఎవరిదన్నా కాల్ దారి తప్పి మన దగ్గరికి వచ్చిందనుకో. ముందు మనం ఎవరమో చెప్పాలి. వాళ్లు ఒక్క మాట మాట్లాడకముందే చెప్పాలి. చెప్పకుండా వింటే అది దొంగతనం."

"నేనన్న మాట తప్పే అత్తయ్యా. అలా అనకూడదు." కోడలు ఆగింది. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయింది. "కానీ మా అమ్మకు తప్ప నేనెవరికీ చెప్పలేదు. మరి ఆయనకెలా తెలిసింది?"

"అది నన్నడక్కు."

"మీకు తెలుసా?"

"నన్నడక్కు అన్నాను" అంది అత్తగారు, తీగ వదిలేసి.

ఆ తర్వాత ఇద్దరూ గడియారం చూశారు. తొమ్మిది రోజుల మౌనానికీ ఈ మౌనానికీ తేడా ఉందని కోడలికి తెలుస్తోంది. ఏమిటో మాత్రం తేల్చుకోలేకపోయింది. తెలుసా అన్నదానికి లేదని జవాబు రాలేదు. అది ముల్లులా ఉండిపోయింది.

మూడూ నలభై ఎనిమిదికి ల్యాండ్‌లైను మోగింది. బుజ్జి. సంతకం అయింది, డైవర్ట్ పెట్టాను, అయిదున్నరకు నా డ్యూటీ దిగుతూ తీసేస్తాను, అప్పటిదాకా ఆ బల్లకు ఏ కాల్ వచ్చినా మీకే వస్తుంది అంది.

కోడలు లాగిన్ పేజీ తెరిచింది. నొక్కబోయింది.

ఫోను మళ్లీ మోగింది.

లైబ్రరీ నుంచి ఎవరో గుమాస్తా. కళ్లజోడు మూడు నెలల కిందట తీసుకున్న పుస్తకం సంగతి అడగడానికి చేశాడు. కోడలు తనెవరో, ఫోను ఎక్కడికి వచ్చిందో చెప్పింది. అతనికి అర్థం కాలేదు. రీసెర్చి రూము ఇంటికి మార్చేశారా అన్నాడు. లేదంది. మరి పుస్తకం కూడా ఇంట్లోనే ఉందా అన్నాడు. అత్తగారు రిసీవరు అందుకుని, "రూములో మనిషి లేరు, రేపు చేయండి, నమస్కారం" అని మూడు ముక్కల్లో చెప్పి పెట్టేసింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎన్నిసార్లు చెప్పిందో ఆ మూడు ముక్కలు.

"ఇప్పుడు నొక్కు. మళ్లీ ఎవడో దూరేలోపు."

కోడలు నొక్కింది. నమోదు చేసిన నంబరుకు కాల్ చేస్తున్నామని తెర చెప్పింది. చివర 46.

పది సెకన్లు. ఇరవై. అత్తగారు వాచీ చూసుకోవడం లేదు, పెదవులు కదులుతున్నాయి, లెక్క పెడుతోంది. కోడలి చేతిలో పెన్సిలు, పెన్ను రెండూ ఉన్నాయి.

ఫోను మోగింది.

అత్తగారి చెయ్యి ముందు వెళ్లింది. రిసీవరుకు జానెడు దూరంలో ఆగింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, "నీది" అంది.

కోడలు ఎత్తింది. యంత్రం గొంతు ఒక్కో అంకె చెప్పింది. ఆమె థీసిస్ మొదటి పేజీ మీదే రాసుకుంది. నాలుగు, సున్నా, తొమ్మిది, తొమ్మిది, ఒకటి, ఏడు. తెర మీద కొట్టింది. చక్రం తిరిగింది. ఎంతసేపు తిరిగిందో ఇద్దరిలో ఎవరూ లెక్క పెట్టలేదు.

తర్వాత పేజీ తెరుచుకుంది. ఎడమవైపు మెయిలు, మధ్యలో ఫైళ్లు, కుడివైపు లైబ్రరీ. రీసెర్చి రూములో రోజూ చూసిన పేజీయే. కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న సంగతి ఇద్దరికీ కాసేపటికి తెలిసింది.

"పని చూడు" అంది అత్తగారు, చెయ్యి వదిలించుకోకుండా.

పదకొండు సవరణల్లో పది, ఫైలు తెరిచి ఎక్కించడమే. అత్తగారు కాగితాలు పట్టుకుని చదివింది, కోడలు కొట్టింది. ఆవిడ చదివే తీరు కోడలికి కొత్త. పేజీ, వరస, పాత మాట, కొత్త మాట, ఆగడం. ఊళ్లో నీళ్లు వదిలే వేళల మీద రాసిన థీసిస్ అది. మధ్యలో ఒకచోట అత్తగారు, తెల్లవారుజామున నాలుగింటికి నీళ్లు వదిలితే ఎవరు పట్టుకుంటారే అంది. అదే నా మూడో అధ్యాయం అంది కోడలు. అత్తగారు ఆ పేజీ మూల మడిచిపెట్టుకుంది.

పదకొండోది లైబ్రరీ పని. ఒక పాత పత్రికలో పేజీ నంబరు సరిచూడాలి. బయటినుంచి చూసేవాళ్లకు ఆ పత్రిక మొదటి పేజీ కూడా తెరవనివ్వదు, ఇప్పుడు తెరిచింది. తను నూట ఇరవై ఒకటి అని రాసింది, అక్కడ నూట పన్నెండు ఉంది. అంకెలు తారుమారు. అదొక్కటీ దిద్దింది.

నాలుగూ నలభై మూడుకు థీసిస్ వెళ్లింది. అందిందని రసీదు వచ్చింది, దాని కింద ఒక నంబరు. అత్తగారు ఆ నంబరు గట్టిగా చదివించుకుని ఫోను పక్కన ఉండే చిన్న పుస్తకంలో రాసుకుంది. కంప్యూటరులో ఉంటుందత్తయ్యా అంటే, ఉండనీ, ఇక్కడా ఉంటుందంది.

"ఇప్పుడా నలభై ఆరు తీసేయించు" అంది. "చేతిలో ఉన్న ఫోను రాయి. బల్ల ఎక్కడికీ వెళ్లదుగానీ మనం వెళతాం. ఆ రోజు నాకు తట్టలేదు."

లోపలికి వచ్చాక ఇక ఆఫీసుకు వెళ్లనక్కర్లేదు, కోడలు తనే నంబరు మార్చింది. అయిదు నిమిషాల పని.  కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టింది. పెన్ను కోసం యంత్రాన్ని ఆగమన్న కళ్లజోడు గుర్తొచ్చాడు. అత్తగారు కూడా నవ్వింది. మేడమ్ అన్నాడే పాపం అంది, కళ్లు తుడుచుకుంటూ.

నవ్వుతూనే కోడలు మెయిలు తెరిచింది. కాలు విరిగిన పన్నెండు రోజులవీ పేరుకుని ఉన్నాయి. సెమినార్లు, సెలవులు, ఎవరిదో పోయిన గొడుగు. వాటి మధ్య నీటి పరిశోధన కేంద్రం నుంచి ఒకటి ఉంది. తొమ్మిది రోజుల కిందటిది.

ఈ ఉదయం మీరు దరఖాస్తులో ఇచ్చిన ఇంటి నంబరుకు ఫోను చేశామని అందులో ఉంది. మీ భర్త మాట్లాడారు. ఇంటర్వ్యూ ఫలానా సోమవారం పదకొండు గంటలకని చెప్పాం, మీకు చెబుతానన్నారు. వస్తున్నదీ లేనిదీ శనివారంలోగా తెలియజేయండి.

సోమవారం అంటే ఎల్లుండి కాక ఆవలి రోజు. శనివారం అంటే రేపు.

దరఖాస్తులో కూడా ఆమె ఇంటి ల్యాండ్‌లైనే రాసింది. మారని నంబరని రాసింది.

కోడలు ఆ మెయిలు అత్తగారికి చదివి వినిపించింది. చివరిదాకా చదివింది. అత్తగారి ముఖంలో ఆశ్చర్యం లేదు.

"మీకు తెలుసు."

"ఆ పొద్దున ఫోను రెండుసార్లు మోగి ఆగింది. ఎవరు ఎత్తారో తెలుసు. ఏం మాట్లాడారో తెలీదు."

"తొమ్మిది రోజులు, అత్తయ్యా. ఒక్క మాట చెప్పుంటే నేను మిమ్మల్ని..."

"ఎవరు ఎవరితో మాట్లాడారో నేను ఎవరికీ చెప్పను. నా కొడుకైనా, నా మీదికొచ్చినా." అత్తగారు చిన్న పుస్తకం మూసింది. "చెప్పాల్సింది వాడు. చెబుతాడని చూశాను. చూస్తూనే ఉన్నాను."

కోడలు వంగి ఆవిడ మోకాళ్ల మీద తల పెట్టబోయింది. కట్టు వేసిన కాలు అడ్డొచ్చింది. సగం వంగి ఆగిపోయి, "క్షమించండి అత్తయ్యా" అంది అక్కడినుంచే. అత్తగారు ఆ తలను చేత్తో తిరిగి నిలబెట్టి, "కాలు కదిలించకు, శనివారం డాక్టరు తిడతాడు" అంది. ఆ మాట గోడకు చెప్పలేదు.

అయిదూ పది అయింది. అత్తగారు కాఫీ పెడతానని లేచింది.

ఫోను మోగింది.

ఇద్దరూ దాని వైపు చూశారు. బుజ్జి డ్యూటీ దిగడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆ మోగేది ఈ ఇంటి ఫోనో, ఆ బల్ల ఫోనో ఎత్తితే గానీ తెలీదు.

"మళ్లీ పుస్తకం మనిషే" అంటూ కోడలు ఎత్తింది. నేర్చుకున్న పాఠం మర్చిపోలేదు. అవతలివాళ్లు నోరు తెరిచేలోపే, ఇది రీసెర్చి రూము ఫోనేగానీ ఇంటికి మళ్లింది, మాట్లాడుతున్నది నేను, ఎవరు కావాలండీ అంది.

 అటునుంచి బస్సు హారను వినిపించింది. ఊపిరి వినిపించింది. ఆ ఊపిరి ఆమెకు తెలుసు.

"నేను రూముకు చేశానే" అన్నాడు ఆయన.

"ఇక్కడికే వచ్చింది. రూములో ఎవరితో మాట్లాడాలి?"

 కోడలు రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి తలెత్తింది. ఎవరని చెప్పనక్కర్లేకపోయింది. అత్తగారు అప్పటికే వంటింట్లోకి నడుస్తోంది. లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. గొళ్లెం పడిన చప్పుడు, దాని వెనక కుళాయి తిప్పిన చప్పుడు వినిపించాయి. నీళ్లు గిన్నెలో పడుతున్నాయి, గిన్నె నిండినా ఆగలేదు.

కోడలు చెయ్యి తీసింది. ఆయన ఫోను పెట్టేయలేదు.

"సోమవారం గురించి... మీ పక్క బల్ల అతని చేత నీకు చెప్పిద్దామని చేశాను" అన్నాడు.